దేవదారు బూజు

వీరస్వామి తాళంచెవుల గుత్తిని మళ్లీ ఒకసారి గలగలలాడించాడు. యూనివర్సిటీ లాబొరేటరీకి తను అటెండరే అయినా, చదువుకున్నవాణ్ణి నోటితో తొందర పెట్టడం బాగుండదని ఆ పని గుత్తితో చేయిస్తున్నాడు. అదీ పారకపోయేసరికి నోరు తెరిచాడు.

"సామేలు సారూ, గేటు కాడ పోలీసోళ్లు దిగిండ్రు. పొద్దు గూకకముందే అన్నిటికీ తాళాలు పడాలన్నరు. మెయిను గూడ బంద్ జేస్తరట. ఇగ లేవుండ్రి."

సామేలు లేవలేదు. నేలమీద గొంతుక్కూర్చుని, చల్లపెట్టె తలుపు బార్లా తెరిచి, ఒక్కో గాజు ట్యూబునూ దూది బిరడా కదలకుండా పైకి తీసి బిస్కెట్ల డబ్బాలో నిలబెడుతున్నాడు. మెయిను బంద్ అన్న మాట చెవిన పడ్డాక అతని చేతులకు తొందర వచ్చింది. కరెంటు లేకపోతే ఈ పెట్టె ఉత్త ఇనప బీరువా. వైశాఖం ఎండకు రేపు మధ్యాహ్నానికల్లా కుంపటి.

డబ్బాలో ఉన్నది చూడ్డానికి ఏమంత గొప్ప వస్తువు కాదు. ట్యూబు లోపల ఏటవాలుగా పేరిన జిగురు, దాని మీద పల్చగా తెల్లటి బూజు. అయితే అది ఈ నేల బూజు కాదు. సిమ్లా పైన చలికొండల్లో ఒక దేవదారు చెట్టు నిలబడ్డది నిలబడ్డట్టే ఎండిపోతే, కుళ్లిన దాని వేరు ముక్కను తడినాచులో చుట్టి ఇక్కడికి పంపారు. ఆ ముక్కలోంచి ఈ బూజును వేరుచేసి బతికించుకున్నవాడు సామేలు. వేరులోకి దూరి కట్టెను కరిగించే రసాన్ని ఊరిస్తుందిది. చదువుకున్నవాళ్లు దాన్ని ఎంజైము అంటారు. ఏ చలికి ఎంత ఊరుతుంది, ఏ వయసులో ఎంత ఊరుతుంది అన్నదే అతని థీసిస్. ఇక ఒక్క ప్రయోగం మిగిలింది. ఫెలోషిప్పు ఈ ఏడాదితో సరి. బూజు బతికితే డాక్టర్ సామేలు, చస్తే ఉత్త సామేలు.

"చెట్లను సంపేదాన్ని సావకుంట కాపాడుతున్నరు. లోకం ఉల్టా అయింది" అన్నాడు వీరస్వామి, డబ్బాకు పురికొస చుట్టడానికి ఒక చెయ్యి వేస్తూనే.

"ఎట్ల సంపుతదో తెల్వాలంటే అది బతికుండాలె గదనే."

"గట్లయితే మంచిదే. పోలీసోళ్లు అడిగితే మాత్రం బాంబులు గావని మీరే చెప్పుకోవాలె."

డబ్బాను తడి తువ్వాలుతో చుట్టి, ఛాతీకి ఆనించుకుని, సామేలు మెట్లు దిగాడు. గేటు దగ్గర జవాను మూత తీయించి చూసి, "క్యా హై యే?" అన్నాడు. బూజు అని చెప్పాడు సామేలు. జవాను ముక్కు ముడిచి పొమ్మన్నాడు. అందరూ ప్రత్యేక రాష్ట్రం కావాలని నినాదాలు చేస్తూ వెళుతున్న దారిలో బూజు మోసుకుపోయేవాణ్ణి అనుమానించడానికి ఏముంది?

ప్రొఫెసర్ సోమయాజులు గారి క్వార్టర్ అక్కడికి దగ్గరే. ఆయన ఇంట్లో ఫ్రిజ్ ఉన్న సంగతి డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. నాలుగు ట్యూబులకు చోటిచ్చినా చాలు, మిగతావాటి మాట దేవుడెరుగు అనుకుంటూ వెళ్లాడు సామేలు.

ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. ఒళ్లో పేపరు, చేతిలో విసనకర్ర. సామేలు మెట్ల మీద నిలబడి సంగతి చెప్పాడు.

"అరె, కూర్చోవయ్యా సామేలూ, ఎండన పడి వచ్చావు." కూర్చోమన్నారు గానీ వరండాలో ఉన్నది ఆయన కూర్చున్న కుర్చీ ఒక్కటే. "ఏం చెప్పమంటావు. ఫ్రిజ్ అంటే అది మా ఆవిడ రాజ్యం. పాలూ పెరుగూ ఉండేచోట ఫంగస్ పెడతానంటే నన్నే బయట పెడుతుంది."

"బిరడాలు గట్టిగా ఉన్నాయి సార్. డబ్బాలోంచి బయటికి తీయను కూడా తీయం."

"నాకు తెలుసు, నీకు తెలుసు. ఆవిడకు ఎవరు చెబుతారు?" ఆయన లోపలికి తిరిగి కేకేశారు. "కాస్త మంచినీళ్లు."

ఆవిడ లోపల ఫ్రిజ్ తలుపు తెరిచింది. వరండాలోంచి సూటిగా కనిపించింది సామేలుకు. పాలగిన్నె, పెరుగుగిన్నె, కొత్తిమీర కట్ట. వాటి పక్కన రేకు డబ్బా. డబ్బా మీద అంటించిన కాగితం, దాని మీద సుబ్బరాయుడి గుండ్రటి చేతిరాత. సుబ్బరాయుడు ఇతనితోపాటే రీసెర్చి చేస్తున్నవాడు. గొడవలు ముదరగానే తన ఊరు తెనాలి వెళ్లిపోయాడు. అతనిది వేరుశనగ మొదలును కుళ్లబెట్టే బూజు.

ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చింది. కిటికీ గట్టు మీద బోర్లించి ఉన్న గాజుగ్లాసును సామేలు తనే తీసుకున్నాడు. మూడేళ్లుగా ఆ గ్లాసు స్థలం అదే అన్నదీ, అది తీసుకోవలసింది తనే అన్నదీ అతనికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆవిడ పైనుంచి పోసింది. నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి.

అతని చూపు ఎటు పోయిందో సోమయాజులు గారు చూడనే చూశారు.

"సుబ్బరాయుడివి. పాపం, మళ్లీ ఎప్పుడొస్తాడో ఏమో, ఇక్కడ అతనికి ఎవరున్నారు? నువ్వైతే ఇక్కడివాడివి. ఎలాగో ఒకలాగు చూసుకుంటావు."

"అవును సార్" అన్నాడు సామేలు.

వేరుశనగ బూజు మండే ఎండల్లోనే చెలరేగుతుంది. కిటికీలో పెట్టి మరిచిపోయినా చావదు. ఆ సంగతి సామేలుకు తెలుసు. అది అతనికి నేర్పిందే సోమయాజులు గారు.

గ్లాసును కడిగి మళ్లీ గట్టు మీద బోర్లించి, డబ్బా ఎత్తుకుని బయలుదేరాడు.

తార్నాకలో సామేలు అద్దెకున్నది ఉప్పలయ్య ఇంటి పక్క గది. రేకుల కప్పు, ఒకే కిటికీ. ఉప్పలయ్యకు రైల్వే వర్క్‌షాపులో పని. అతని భార్య సాలమ్మ, మాటతోనే మనిషిని నిలబెట్టి కడిగే రకం. సామేలు నీళ్ల రంజనును ఖాళీ చేసి, అడుగున ఇసక పోసి తడిపి, చుట్టూ గోనెపట్ట కట్టడం గడప మీద కూర్చుని చూసింది.

"ఇగ తాగనీకి నీళ్లు యాడికెల్లి తెచ్చుకుంటవ్ సారూ?"

"మీ ఇంట్ల తాగుత అక్కా."

"తాగు తాగు. గంత పాటి సేవ ఏందో, ఎవల్కో జర జెప్పు. మా నిమ్మకాయ తొక్కు మీద బూజు పడితె గరిటెతోని ఎత్తి గోడవతల పారేస్త. నువ్వేమో దానికి మంచం పరుస్తున్నవ్."

సామేలు నవ్వాడు. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు. చెప్పడం మొదలుపెడితే అతనికి తెలియకుండానే గొంతు పాఠం చెప్పే గొంతు అయిపోతుంది. "ఇది చలిదేశపు బూజు అక్కా. మన ఎండ తగిలితే సస్తది. మల్ల దీనికొక గమ్మత్తు గుణమున్నది. కడుపునిండ తిండి దొరికినన్ని దినాలు తెల్లగ, జోరుగ పెరుగుతది. గప్పుడు రసం పెద్దగ ఊరది. పెరుగుడు ఆగి, మెదలకుండ పడి ఉంటది సూడు, గప్పుడు ఊరుతది అసలు రసం. చెట్టు కూలేది గప్పుడే. ఇది కనిపెట్టింది నేనే."

"గిది కనిపెట్టుడెందుకు? మా మామ గంతేనాయె. లేవకపాయె, మెదలకపాయె. మంచంల పండుకొనే ఇల్లంత నమిలిండు."

లోపలినుంచి ఉప్పలయ్య, "మా నాయిన మాట తియ్యకు" అన్నాడు. కానీ అతని గొంతులోనూ నవ్వుంది.

మర్నాటి నుంచి ఉప్పలయ్య పనినుంచి వస్తూ లాలాపేట ఐసు డిపోలో ఆగి, రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డను సైకిలుకు కట్టుకుని వచ్చేవాడు. సామేలు దాన్ని పొట్టుతో సహా రంజనులోకి దించి, ట్యూబులను దాని చుట్టూ నిలబెట్టి, పైన తడిగుడ్డ కప్పేవాడు. గోనెపట్ట ఆరిపోతుంటే తడపడం సాలమ్మ తన మీద వేసుకుంది. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు ఓ చెంబు. "మీ దొరసాని స్నానం చేసింది" అనేది. బూజుకు ఆవిడ పెట్టిన పేరు దొరసాని. చలిదేశం నుంచి వచ్చింది కదా మరి.

రేకుల కింద సామేలుకు ఒళ్లంతా పేలింది. చొక్కా తీసి, రంజను పక్కనే చాప పరుచుకుని పడుకునేవాడు. చెయ్యి లోపల పెట్టి చూసి, చల్లగా తగిలితే ఊపిరి తీసుకునేవాడు.

తరవాత సికింద్రాబాదులో కాల్పులు జరిగాయి. కర్ఫ్యూ పెట్టారు. డిపో మూసేశారు. ఉప్పలయ్య సందుల్లో పడి పోయి ఎవరి కాళ్లు పట్టుకున్నాడో గానీ, కొబ్బరిచిప్పంత ఐసుముక్క తువ్వాలులో మూటగట్టి తెచ్చాడు. తువ్వాలు నుంచి నీళ్లు కారి లాగు ముందంతా తడిసింది.

"గిదే దొరికింది తమ్మీ. రేపు గిది గూడ దొరకది."

సామేలు ట్యూబులన్నీ బయటికి తీసి, గడప వెలుతురులో వరసగా నిలబెట్టాడు. తిప్పి తిప్పి చూశాడు. అన్నిటిలో బూజు ఎక్కడిది అక్కడే ఉంది. వెంట్రుకవాసి కూడా ముందుకు జరగలేదు. కొన్నిటిలో అంచులు గోధుమరంగుకు తిరిగి, అణగిపోయి, జిగురుకు అంటుకుపోయినట్టున్నాయి. రెండిట్లో మాత్రం, ఐసుగడ్డకు ఆనుకుని అడుగున పడి ఉన్న రెండిట్లో, బూజు తెల్లగా పొంగి ఉంది. ఉతికి ఆరేసిన మల్లుగుడ్డలాగా.

ఆ రెండిటి దూది కొంచెం చెమ్మగిల్లింది. వేలితో నొక్కి చూశాడు. ఒక రంపపు పొట్టు రేణువు అంటుకుని ఉంటే గోటితో గీరేశాడు. లాబొరేటరీలో ఎవరైనా తడిసిన దూది అలా వదిలేస్తే వాళ్లను నిలబెట్టి అడిగేవాడు. ఇక్కడ అడిగేవాళ్లు లేరు. ఆరుతుందిలే అనుకున్నాడు.

ఉన్న ఐసు అన్నిటికీ సరిపోదు. అన్నిటి మధ్యా పంచితే ఏదీ బతకదు. రెండిటికైతే రేపటిదాకా వస్తుంది. ఆలేరు దగ్గర ఇంట్లో అమ్మ తడిగుడ్డలో గింజలు మూటగట్టి మూడోనాడు విప్పి చూసేది. మొలక వచ్చినదే విత్తనం, రానిది కోళ్లకు. ఆ లెక్కకు ఎదురు చెప్పినవాణ్ణి అతను చూడలేదు.

ఎంచడానికి ఆట్టే సేపు పట్టలేదు. ఆ రెండిటినీ ఐసుతో రంజనులో పెట్టాడు. మిగతావాటిని చూస్తూ కాసేపు కూర్చున్నాడు.

చచ్చిందైనా బతికిందైనా, బూజును మరిగించకుండా బయట పారెయ్యకూడదు. లాబొరేటరీలో చేరిన మొదటి రోజున సోమయాజులు గారు నేర్పిన మొదటి పాఠం అది. పరాయి దేశపు తెగులును ఈ నేలకు అంటించిన పాపం మనకెందుకు అన్నారాయన. సామేలు సాలమ్మను అడిగి పాత అల్యూమినియం గిన్నె తెచ్చుకున్నాడు. కిరోసిన్ స్టవ్వు వాకిట్లో పెట్టి, ట్యూబులను గిన్నెలో పడుకోబెట్టి నీళ్లు పోశాడు. నీళ్లు తెర్లాయి. దూది బిరడాలు తేలాయి. జిగురు కరిగి బెల్లంపాకం కాగిన వాసన వాకిలంతా కమ్ముకుంది. ఇక చాలని ఉప్పలయ్య అన్నా వినకుండా, కిరోసిన్ అయిపోయేదాకా మరిగించాడు. పని సక్రమంగా చెయ్యడం అతనికి అలవాటు.

మర్నాటికి కర్ఫ్యూ సడలింది. డిపో తలుపు సగం తెరిచారు. ఐసు మళ్లీ వచ్చింది. రంజనులో రెండు ట్యూబులూ రోజురోజుకూ తెల్లబడుతుంటే సామేలు ముఖంలోకి రక్తం వచ్చింది. సాలమ్మ పెట్టిన జొన్నరొట్టె వద్దనకుండా తిన్నాడు.

"దొరసాని కోలుకున్నదా?"

"కోలుకున్నది అక్కా. ఇంత దెబ్బ తిన్నంక రసం ఊరుతదో లేదో సూడాలె."

దానికి కావలసింది అతని దగ్గర ఉంది. డబ్బా అడుగున రెండు పరీక్ష ట్యూబులు తెచ్చుకున్నాడు. వాటి జిగురులో కరక్కాయ వగరులాంటి పదార్థం కలిపి ఉంటుంది. దేవదారు బూజు దాన్ని తాకితే చాలు, ఎంజైము పనిచేసి, చుట్టూ టీ డికాక్షన్ ఒలికినట్టు ముదురు వలయం కడుతుంది. అది ఆ బూజు వేలిముద్ర.

గదిలో గాలి ఆడకుండా కిటికీ మూసి, స్పిరిటు దీపం వెలిగించి, సూదిని ఎర్రగా కాల్చి చల్లార్చి, ట్యూబులోని తెల్లటి బూజులోంచి చిటికెడు గిల్లి వగరు జిగురు మీద ఉంచాడు. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోలేదు. రెండోదానికీ అలాగే చేశాడు. రెండిటినీ రంజనులోకి దించాడు.

మర్నాడు చూశాడు. బూజు పట్టింది. వలయం లేదు. తొందరపడకూడదనుకున్నాడు.

ఆ మర్నాడు బూజు జిగురు సగం దాకా పాకింది. దేవదారు బూజు తన జీవితంలో ఎప్పుడూ ఇంత జోరుగా నడవలేదు. సామేలు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కాగితం వెనక పెట్టి, వెలుతురుకు అడ్డంగా పట్టి, కింది నుంచి చూశాడు. జిగురు పోసిననాటి రంగులోనే ఉంది. ఎక్కడా డికాక్షన్ మరక లేదు.

ఎండదెబ్బకు ఎంజైము పోయిందేమో, బూజు మిగిలిందేమో అనుకున్నాడు. అలా అనుకోవడానికి చాలా కష్టపడ్డాడు. సాలమ్మ గోనెపట్ట తడిపి, ఏదో అనబోయి, అతని ముఖం చూసి చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

మూడోనాడు పొద్దున తడిగుడ్డ తొలగించేసరికి తెల్లటి బూజు నడిమధ్యన పచ్చటి పొడి. ముందు పెసరగింజంత. మధ్యాహ్నానికి చింతగింజంత. రెండు పరీక్ష ట్యూబుల్లోనూ, వాటి తల్లి ట్యూబుల్లోనూ. దూది కొంచెం వదులు చేసి వాసన చూశాడు. మక్కిన రొట్టె వాసన.

సామేలు గడప మీద కూర్చుండిపోయాడు. ట్యూబును వేళ్ల మధ్య తిప్పుతూ ఉన్నాడు. తడిసిన దూది. దానికంటిన రంపపు పొట్టు. ఐసుతోపాటు ఆ పొట్టును లాలాపేట నుంచి సైకిలు మీద మోయించి తెప్పించింది తనే.

"ఏమైంది సారూ?" అంది సాలమ్మ.

"దొరసాని కాదక్కా గిది. నీ నిమ్మకాయ తొక్కు మీద పడే బూజే."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "మరి దొరసాని యాడికి పాయె?"

సామేలు వాకిట్లో గోడవారన బోర్లించి ఉన్న అల్యూమినియం గిన్నె వైపు చూశాడు. సాలమ్మ కూడా అటే చూసింది. ఆవిడకు అంతా అర్థం కాలేదు.

సోమయాజులు గారు వరండాలోనే ఉన్నారు. సామేలు చెప్పినదంతా కళ్లు మూసుకుని విన్నారు. విసనకర్ర ఆగలేదు.

"మిగతావి చచ్చిపోయాయని ఎలా తెలిసింది నీకు?"

"ఎదుగుదల లేదు సార్. కదలకుండా ఉండిపోయాయి."

"నీ మూడో చాప్టర్‌లో ఏం రాశావు?"

సామేలు తల వంచుకున్నాడు. మెట్టు మీద చీమలు బారు కట్టి పోతున్నాయి.

"చెప్పవయ్యా. నేనే కదా దిద్దింది."

"ఎదుగుదల ఆగిన తర్వాతే ఎంజైము ఎక్కువ అని రాశాను సార్. ఎదగకపోవడం చావడం కాదని రాశాను."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదేమో. "ఎండకు ముడుచుకుని ఉంటాయి. ఓ రెండు వారాలు చల్లటి చోట పెడితే సగమైనా లేచేవి. పోనీ, పారేసినా చెత్తలోంచి ఏరుకునేవాళ్లం. మరిగించావు. రూలు ప్రకారం మరిగించావు. ఏమనను నిన్ను?"

చల్లటి చోట. ఆ మాట సామేలు గొంతుదాకా వచ్చింది. ఆ రోజు ఆ లోపలి పెట్టెలో నాలుగు ట్యూబులకు చోటుంటే, అని మొదలయ్యే వాక్యం మొత్తం తయారుగా ఉంది. సోమయాజులు గారు అతని ముఖంలోకి చూశారు. ఆ వాక్యం ఆయనకు వినిపించినట్టే ఉంది. పేపరు మడతపెట్టి పక్కన పెట్టారు.

"సిమ్లాకు రాద్దాం. రాయవచ్చు. మళ్లీ వేరు తెప్పించి, విడదీసి, పెంచి... నీ ఫెలోషిప్పు అంతకాలం ఆగదు. ఒక పని చెయ్యి. సుబ్బరాయుడి వేరుశనగ బూజు ఉంది. కావలసినన్ని ట్యూబులున్నాయి. ఒకటి తీసుకో. అతను ఒక ఎంజైము చూస్తున్నాడు, నువ్వు మరొకటి చూడు. చిన్న థీసిస్ అవుతుంది. అయినా అవుతుంది." కాస్త ఆగి అన్నారు. "ఈ దేశానికి పనికొచ్చే పంట. ఎక్కడి దేవదారు, ఎక్కడి మనం."

సామేలు చూపు చీమల బారు మీదే ఉంది. కాదనకపోవడాన్ని ఆయన ఒప్పుకోలు కింద తీసుకున్నారు. లోపలికి కేకేశారు.

ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు. ఆవిడ ట్యూబు ఒకటి పట్టుకుని వచ్చింది. సామేలు చెయ్యి చాచాడు. ఆవిడ దాన్ని కిటికీ గట్టు మీద, బోర్లించిన గాజుగ్లాసు పక్కన, దొర్లిపోకుండా జాగ్రత్తగా పెట్టి లోపలికి వెళ్లింది.

అతను తీసుకున్నాడు. ఐసుగడ్డలా ఉంది.

"వస్తాను సార్."

"మంచిది. అధైర్యపడకు" అన్నారాయన. మనస్ఫూర్తిగానే అన్నారు.

క్యాంపస్ రోడ్డంతా ఖాళీ. తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. గుప్పిట్లో ట్యూబుకు చెమట పట్టింది, తరవాత ఆరింది, ఆర్ట్స్ కాలేజీ దాటేసరికి చెయ్యి ఎంత వేడో అదీ అంత వేడి. తువ్వాలు భుజం మీదే ఉన్నా దాన్ని తడిపి చుట్టాలని అతనికి తోచలేదు. తోచినా అవసరం లేదు.

సాలమ్మ వాకిట్లో ఎదురొచ్చింది. చేతిలో ట్యూబు చూసి ఆవిడ ముఖం విప్పారింది.

"దొరికిందా సారూ? ఇంకోటి ఇచ్చిండ్రా? ఆయన ఇంక పనిలకెల్లి రాలే. ఐసు తెమ్మని ఎవలతోనన్న కబురంప?"

"వద్దక్కా. దీనికి ఐసు అక్కరలేదు. ఇది ఈడిదే. ఎంత ఎండనన్న తట్టుకుంటది."

ట్యూబును కిటికీలో నిలబెట్టాడు. మధ్యాహ్నపు ఎండ సూటిగా దాని మీద పడుతోంది. చాప మీద పడుకుని, గోడ వైపు తిరిగాడు.

ఎండనన్న తట్టుకుంటది అన్న మాట మీద సాలమ్మకు నమ్మకం కుదిరినట్టు లేదు. కాసేపటికి గోనెపట్టను రంజను మీంచి విప్పి, తొట్టిలో ముంచి, నీళ్లు కారుతుండగా తెచ్చి కిటికీకి అడ్డంగా కట్టింది. గదిలో చీకటి పడింది. తడి గోనె వాసన వచ్చింది.

సామేలు వద్దనలేదు.